ఫోటో కోసం సంతకం

మా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ నాకు వదిన. స్వయానా మా అన్నయ్య భార్య. ఈ మాట వినగానే "ఓహో, నీకు ఉద్యోగం అలా వచ్చిందా!" అని కళ్ళెగరేసేవాళ్ళకు ముందే చెబుతున్నాను. ఆవిడ నీళ్ళు పరీక్షించే ల్యాబులో సీసాలు కడుక్కుంటూ పాఠాలు చెప్పే రోజుల నుంచే నేనిక్కడ ఫోటోగ్రాఫర్ని. ఇంట్లో వదిన, ఆఫీసులో మేడమ్. కోపం వచ్చిందంటే మాత్రం రెండు చోట్లా వదినే.

వైస్ ఛాన్సలర్ అంటే సింహాసనమని జనం అనుకుంటారు. నా మొహం! ఆ వారమే చూడండి. సోమవారం పొద్దున్నే డీన్లతో సమావేశం. గదులు చాలవని ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. వాళ్ళు లేచారో లేదో, బాత్రూముల్లో నీళ్ళు రావడం లేదని హాస్టల్ పిల్లలు. మధ్యాహ్నం ఎక్కడి నుంచో వచ్చిన ప్రొఫెసర్లతో పరిశోధన గురించి మాటలు, టీ, నవ్వులు, ఫోటో. మంగళవారం ఎండలో నిలబడి ఆటల పోటీలు ప్రారంభించింది. ఆ బుగ్గలు నొప్పి పుట్టే నవ్వులన్నీ తీసింది నేనే కాబట్టి నాకు తెలుసు.

ఇన్నిటి మధ్య కూడా చదవని కాగితం మీద ఆవిడ సంతకం పెట్టదు. తండ్రి బస్సు కండక్టర్. "బోర్డు చూడకుండా ఎక్కేసి, తర్వాత నా మీద అరుస్తారే తల్లీ" అని రోజూ ఇంటికొచ్చి వాపోయేవాడట. ఆ మాట ఈవిడకు ఒంటబట్టింది. మా అన్నయ్య ఓ దణ్ణం పెట్టి, "మీ వదిన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అంటాడు.

ఆ వారం అసలు గొడవ రంగుల కంపెనీతో. బట్టలకు వేసే రంగులు తయారుచేసే ఫ్యాక్టరీ అది, మన ఊరికి ఎగువన, నది ఒడ్డున ఉంది. మా నీళ్ళ ల్యాబుకు కొత్త భవనం కట్టిస్తాం, మిషన్లు కొనిస్తాం అని వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. ల్యాబు సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. పైకప్పు కారుతోంది, ఉన్న ఒక్క మంచి మిషనూ మూలపడింది. బయటి సాయం దొరక్కపోతే మూసేద్దామని పాలకమండలి తీర్మానం కూడా చేసింది. అలాంటప్పుడు ఎగిరి గంతెయ్యాలి కదా? కానీ ఒప్పందంలో ఒక షరతుంది. నీళ్ళ పరీక్షల ఫలితాలు ముందు కంపెనీకి చూపించాలట, వాళ్ళు సరేనంటేనే బయటపెట్టాలట.

ఆ ల్యాబులో ఒక పరిశోధకురాలుంది. ఎప్పుడూ భుజాన సీసాల సంచితో తిరుగుతుందని అందరూ సీసాలమ్మ అంటారు. ఫ్యాక్టరీకి పైనా కిందా ఉన్న రేవులన్నిట్లో నీళ్ళు పట్టి మూడేళ్ళుగా పరీక్షిస్తోంది. ఇక అర్థమైంది కదా, భవనం మీద అంత ప్రేమ ఎందుకో!

సోమవారం వదిన ఆ షరతును ఎర్రసిరాతో కొట్టేసి పంపింది. బుధవారం అది ఇంకాస్త చిన్న అక్షరాల్లో తిరిగొచ్చింది. మళ్ళీ కొట్టేసింది. రిజిస్ట్రార్ గారు చేతులు నలుపుకుంటూ వచ్చారు. ఏమడిగినా "చూద్దాం" అంటారని ఆయన్ని చాటున చూద్దాంగారు అంటాం.

"మేడమ్, అందరూ పెట్టే షరతేనండీ. ముందు సంతకం పెట్టేద్దాం, తర్వాత చూద్దాం."

"పెట్టేశాక చూసి ఏం చేస్తామండీ, ఏడవడం తప్ప?"

గురువారం సాయంత్రం ఇంట్లో బఠాణీలు ఒలుస్తుంటే పాలకమండలి అధ్యక్షుడు ఫోన్ చేశాడు. వదిన స్పీకర్లో పెట్టి ఒలుస్తూనే ఉంది. అతిథుల్ని పిలిచేశాం, శనివారం సంతకాల వేడుక ఆగదు, అసలు కాగితాలు తర్వాత తేల్చుకోండి, శనివారానికి ఫోటో చాలు అన్నాడాయన.

ఈ ఫోటో భాగోతం బయటివాళ్ళకు తెలియదు. వేడుక రోజుకు ఒప్పందం సిద్ధంగా ఉండటం చాలా అరుదు, లాయర్లు ఇంకా కొట్టుకుంటూనే ఉంటారు. అందుకని తోలు ఫోల్డర్లలో తెల్లకాగితాలు పెడతాం. ఇద్దరు పెద్దలూ వాటి మీద సంతకాలు చేసి, ఫోల్డర్లు మార్చుకుని, పళ్ళు కనబడేలా నవ్వుతారు. ఆ తెల్లకాగితాలు సర్దేది నేనే. మామూలుగా ఇందులో మోసమేమీ లేదు. కానీ బొమ్మ పేపర్లో పడ్డాక వెనక్కి తగ్గితే పోయేది ఎవరి పరువు? వదిన చేతులు కట్టేయడానికే ఈ తొందరంతా. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సరేనండీ, శనివారం వస్తాను" అని వదిన ఫోన్ పెట్టేసింది. అన్నయ్యా నేనూ మొహాలు చూసుకున్నాం.

శుక్రవారం సీసాలమ్మే వచ్చి ఏడ్చింది. "సంతకం పెట్టేయండి మేడమ్. ల్యాబు మూసేస్తే నేనెక్కడికి పోను? ఫలితాలు దాచి ఉంచుతాను. ఎప్పటికైనా బయటికొస్తాయి."

"ఎప్పటికైనా అంటే? ఆ నీళ్ళు తాగేవాళ్ళు అందాకా దాహం ఆపుకుంటారా?" అని కసిరి, అంతలోనే వదిన తన మంచినీళ్ళ గ్లాసు ఆవిడ చేతికిచ్చింది. "కళ్ళు తుడుచుకో. రేపు నీ ఫలితాలు తెచ్చుకుని ముందు వరసలో కూర్చో."

శనివారం హాలు కిటకిటలాడింది. పత్రికల వాళ్ళు, పూలగుత్తులు, వేదిక మీద బల్ల. రంగుల కంపెనీ ఛైర్మన్ సంతకం పెట్టేసినంత ధీమాగా కూర్చున్నాడు. నేను ఫోల్డర్లు పెట్టి కిందికి దిగి కెమెరా ఎత్తాను. వదిన పెన్ను తీసింది. సంతకం చేసే చోట కాదు, కాగితం పైనుంచి రాయడం మొదలుపెట్టింది! రాసింది మైకులో చదివింది.

"నీళ్ళ పరీక్షల ఫలితాలు మంచివైనా చెడ్డవైనా, ఎవరి అనుమతీ అడగకుండా అందరికీ చెబుతాం."

దాని కింద సంతకం చేసి ఆయన ముందుకు జరిపింది. "మనకు తేడా వచ్చింది ఈ ఒక్క ముక్క దగ్గరే. మీరూ పెట్టండి."

ఛైర్మన్ నవ్వబోయాడు. "ఇది పద్ధతి కాదు మేడమ్. లాయర్లు చూడాలి."

"కాగితం ఖాళీగా ఉన్నప్పుడు లాయర్లు అక్కర్లేదు గానీ, ఒక్క వాక్యం రాస్తే కావాలాండీ?"

వెనక వరసల్లో పిల్లలు గొల్లుమన్నారు. ఆయన మొహం కందిపోయింది. "మా ఫ్యాక్టరీ నీళ్ళ గురించి మీకెవరో లేనిపోనివి ఎక్కించారు" అన్నాడు.

"మీ ఫ్యాక్టరీ పేరు నేనెత్తలేదే!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం వినడమే గానీ, కళ్ళారా చూడటం నాకు అదే మొదటిసారి. ఆయన పెన్నుకు మూత పెట్టి, చెయ్యి జేబులో పెట్టుకుని లేచాడు. ముందు వరసలోంచి పాలకమండలి అధ్యక్షుడు ఫోటో వద్దని నాకు సైగలు చేస్తున్నాడు. పోవయ్యా అనుకుని నొక్కాను. వదిన కాగితం చాచి పట్టుకుని ఉంది, ఛైర్మన్ చెయ్యి జేబులో ఉంది. నా జన్మలో అంత మంచి ఫోటో తీయలేదు.

"ఒప్పందం కుదరలేదు. కాబట్టి మనం ఎవర్నీ అడగాల్సిన పని లేదు. రామ్మా" అని వదిన మైకు వదిలి పక్కకు తప్పుకుంది.

సీసాలమ్మ మెట్లెక్కింది. మొదటి రేవు గురించి కాగితంలోంచి తల ఎత్తకుండా చదివింది. ఫ్యాక్టరీకి పైనున్న నీళ్ళు బాగానే ఉన్నాయి. కిందికొచ్చేసరికి ఏ రేవులో నీళ్ళూ తాగడానికి పనికిరావు. ఆ ముక్క మాత్రం తల ఎత్తి, ఎక్కడా తడబడకుండా చెప్పింది.

సోమవారం పాలకమండలి నుంచి వదినకు సంజాయిషీ నోటీసు వచ్చింది, ల్యాబుకు తాళం పడింది. ఆవిడ ఏం చేసిందనుకున్నారు? ఆఫీసులో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టే అతిథుల గదిలోంచి సోఫాలు బయటికి తోయించి, సీసాలూ బల్లలూ లోపల పెట్టించింది. మిషన్లు పక్క కాలేజీ వాళ్ళు అరువిచ్చారు. "ఇంతకీ ఉద్యోగం ఉందా, ఊడిందా?" అని అన్నయ్య ఫోన్ చేస్తే, "ఊడేదాకా ఉంటుంది" అంది.

నా వంతు నేనూ చేశాను. ఒప్పందాల ఫోటోలన్నీ ఆ గది ముందు వరండాలో వరసగా ఉంటాయి. వాటి పక్కనే ఈ ఫోటో కూడా తగిలించాను. చూద్దాంగారు పరుగెత్తుకొచ్చారు. "తీసేయమ్మా, అధ్యక్షులవారి ఆర్డరు. పెట్టాలా వద్దా తర్వాత చూద్దాం."

"తర్వాతెందుకు సార్, ఇప్పుడే చూడండి. బాగా చూడండి" అన్నాను. ఆయన చాలాసేపు చూశారు. ముట్టుకోకుండా వెళ్ళిపోయారు.

మంగళవారం పొద్దున నేను వచ్చేసరికి ఆ ఫోటో కింద మనుషులు బారులు తీరి ఉన్నారు. పేపర్లో ఫలితాలు చదివి వచ్చిన నది పక్క వీధుల ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. ప్రతి చేతిలోనూ ఒక సీసా, దాన్నిండా వాళ్ళింటి కుళాయి నీళ్ళు. "మావీ చూసి పెట్టండమ్మా" అంటున్నారు. వదిన సమావేశాలన్నీ రద్దు చేసి, పాత ల్యాబు కోటు తొడుక్కుని సీసాలమ్మ పక్కన కూర్చుంది. ఆ కోటు ఇప్పుడు బొత్తాలు పట్టడం లేదు.

చూద్దాంగారు తలుపు దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నారు. "మేడమ్, పాలకమండలి వాళ్ళు వచ్చారు. మీతో అర్జంటుగా మాట్లాడాలట. ఏం చెప్పమంటారు?"

వదిన తల ఎత్తలేదు. "లైనులో రమ్మనండి. సీసాలు తెచ్చుకున్నారో లేదో అడగండి" అంది.