చప్పట్లు వినబడని పాట

పోయినేడు బతుకమ్మకు మా వాడకట్టు ఆడవాళ్లు మా అవ్వ పాటకు ఆడుతూ ఆడుతూ మధ్యలో ఆగిపోయారు. సౌండు బాక్సులోంచి అవ్వ గొంతు వస్తోంది గానీ చప్పట్లు రావడం లేదు. అవి లేకపోతే ఎక్కడ అడుగు వేయాలి, ఎక్కడ వంగాలి?

"గీ పాటల దమ్ము లేదు వదినె, తీసెయ్," అని పక్కింటి వదిన వేరే పాట పెట్టించింది. అరుగు మీద కూర్చున్న అవ్వ ఊరికే కొంగుతో మోకాలు తుడుచుకుంది.

ఆ పాటను రికార్డు చేసి సరిచేసింది నేనే. నా చదువు అయిదో తరగతి. బిడ్డ తన పాత ల్యాప్‌టాప్‌లో నేర్పింది: గొంతుకొక గీత, డోలుకొక గీత, చప్పట్లకొక గీత. వింటూ ఒక్కోదాని మోత పెంచాలి, తగ్గించాలి. వినడానికి మా తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. అక్కడి నుంచి వచ్చిన సెంటు సీసాను గానీ, దుప్పటిని గానీ మంచిదేనా అని మా ఇళ్లలో ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. ఆ హెడ్‌ఫోన్‌లో చప్పట్లు చెవి పక్కనే కొట్టినట్టు టపటపా మోగేవి. ఎక్కువయ్యాయని తగ్గించాను. ఇంకా మోగుతుంటే ఇంకా తగ్గించాను. తీరా బాక్సులో పెడితే అవి లేనే లేవు.

ఈ ఏడు మళ్లీ కూర్చున్నాను. ఎన్నిసార్లు చేసినా అంతే. హెడ్‌ఫోన్‌లో నిండుగా ఉన్న పాట సౌండు బాక్సులో పెట్టేసరికి బోడిగా అయ్యేది. విసుగొచ్చి ల్యాప్‌టాప్ మూసేస్తే బిడ్డ అంది:

"తప్పు నీ చెవులది గాదమ్మా. మామ తెచ్చిన దాంట్ల చప్పట్లు ఉన్నదానికంటె ఎక్కువ వినబడుతున్నయ్. ఉన్నది ఉన్నట్టు వినిపించేది కావాలె."

ఇద్దరం జమ్మికుంటలో బస్సెక్కి కరీంనగర్ పోయాం. హెడ్‌ఫోన్ల దుకాణం అతను ఎర్రగా మెరిసేదొకటి తీశాడు. "మస్తు బేస్ ఉంటదక్కా, గుండె అదురుతది!"

"నాకు గుండె అదురుడు వద్దు తమ్మీ, చప్పట్లు కావాలె."

బిడ్డ ఫోన్‌లో ఆ పోయినేటి పాటే పెట్టించి ఒక్కొక్కటీ తగిలించుకున్నాను. ఒకదాంట్లో డోలు ఉరిమింది. ఇంకోదాంట్లో అవ్వకు ఇరవై ఏళ్లు తగ్గాయి. అన్నింట్లోనూ పాట బాగుంది. అదే నా ఒళ్లు మండించింది. ఇంత బాగుంటే ఆడవాళ్లు ఎందుకు ఆగిపోయారు?

"పెండ్లి చీర గూడ గింతగనం ఏరరక్కా," అన్నాడు అతను.

"పెండ్లి చీర తప్పైతె బీరువల పడుంటది. గిది తప్పైతె వాడంత వింటది," అన్నాను.

మూలన దుమ్ము పట్టిన నల్లది కనబడింది. "గది సప్పగుంటదక్కా, ఎవ్వలు కొంటలేరు," అంటూనే ఇచ్చాడు. పెట్టుకున్నాను. రెండో చరణంలో అవ్వకు ఊపిరి అందకపోవడం వినబడింది. మా ఇంటి ఫ్యాను కిరకిర వినబడింది. చప్పట్లు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. వాళ్లు ఆగిపోయింది ఈ పాటకే! "గిదే ఇయ్యి," అన్నాను.

దాంతో మళ్లీ మొదటి నుంచి చేశాను. బతుకమ్మ నాడు వదిన ఓరగా చూస్తూనే వచ్చింది. బాక్సులో మొదటి చప్పట పడగానే ఆడవాళ్ల చేతులు కలిశాయి. పాట అయిపోయేదాకా ఎవరూ ఆగలేదు. అరుగు మీద అవ్వ పాదం కూడా ఆడింది.

అప్పుడే, సెలవు మీద వచ్చిన తమ్ముడు అందరికీ వినబడేలా అన్నాడు: "చూసిన్రా? నేను దుబాయ్ నుంచి తెచ్చిన హెడ్‌ఫోన్ పవర్! గిక్కడ దొరుకుతదా అసొంటిది?"

"ఈసారి మాకు గూడ ఒకటి తే తమ్మీ," అంది వదిన.

కరీంనగర్‌లో కొన్నదాని మాట నా నోటిదాకా వచ్చింది. అవ్వ నన్ను చూసి వద్దన్నట్టు తల ఊపింది. మింగేశాను.

ఆ నల్లది ఇప్పుడు బియ్యం డబ్బా వెనక ఉంది. తమ్ముడి సెలవు ఇంకా నెల ఉంది.