మూడుసార్లు వద్దనే దర్జీ

మా ఊళ్ళో ఎవరైనా మరీ మొహమాటపడితే "ఛోస్ఫెల్‌కి టీ పోసినట్టుంది నీతో" అంటారు. ఆ ఛోస్ఫెల్ ఎదురుగా కూర్చుని ఉన్నా అంటారు. ఆయన నవ్వుతాడు. కప్పు మీద అడ్డం పెట్టిన చెయ్యి మాత్రం తియ్యడు.

ఇషే ఛోస్ఫెల్ మా దర్జీ. ఝంస్కార్ మంచుకొండల్లో మా ఊరు మర్‌లింగ్ ఇరవై రెండు గడపలు, నది అవతల మరో తొమ్మిది. ఈ గడపల్లో ఉన్ని గోంచా తొడుక్కునే ప్రతి మనిషికీ ఆ గోంచా కుట్టింది ఆయనే. ఊరంతా ఆయన్ని 'మేమే' అని పిలుస్తాం, మా భాషలో తాత అని. నవంబరులో మంచు పడి కనుమ మూసుకుపోగానే కత్తెర, సూదులు, మైనం ముద్ద మూటకట్టుకుని బయల్దేరతాడు. ఒక్కో ఇంట్లో నాలుగైదు రోజులు. వంటింట్లో పొయ్యి పక్కన బాసింపట్టు వేసుక్కూర్చుని, ఆ ఇంటివాళ్ళు నేసిన బట్టని మడమల దాకా వచ్చే గోంచాలుగా కుట్టి, అక్కడే తిని, అక్కడే పడుకుని, పనయ్యాక పక్కింటికి పోతాడు. మార్చి వచ్చేసరికి ముప్ఫై ఇళ్ళ గుట్టూ ఆయన కడుపులో ఉంటుంది. ఒక్క ముక్క బయటికి రాదు.

మాలో ఏది పెట్టినా మొదటిసారి వద్దనాలి. రెండోసారి ఇంకాస్త గట్టిగా వద్దనాలి. మూడోసారి చెయ్యి అడ్డం పెట్టాలి. నాలుగోసారి పోస్తే తాగాలి. మొదటిసారికే కప్పు చాపినవాణ్ణి తిండిపోతంటారు. మూడోసారికి ఊరుకున్న ఇల్లాలిని పిసినారంటారు. ఈ పద్ధతి అందరికీ ఉన్నదే గానీ, ఇప్పటి కుర్రకారు రెండుతో సరిపెట్టేస్తున్నారు. ఛోస్ఫెల్ మేమే ఎన్నడూ ఒక్క 'వద్దు' తగ్గించి ఎరగడు.

ఆయన భార్య యాంగ్‌జోర్ అబీ, అంటే అవ్వ, దీని గురించి ఒక కథ చెబుతుంది. ఆమెకి అన్నదమ్ములు లేరు. వాళ్ళ నాన్న ఇల్లరికం అల్లుడి కోసం వెతికి ఈయన్ని అడిగాడు.

"మూడుసార్లు వద్దన్నాడమ్మా ఈ మహానుభావుడు. నాలుగోసారి మా నాన్న అడక్కుండా ఉంటే నేను బతికిపోయేదాన్ని" అంటుందామె.

"నేను నిజంగానే వద్దన్నానేమో, ఎవరికి తెలుసు?" అంటాడాయన దారం కొరుకుతూ.

ఇక నా సంగతి. నా పేరు కుంజెస్. ఈ ఊరి ఆరోగ్య కార్యకర్తని. జూలైలో కనుమ తెరుచుకోగానే మాకు రెండు రకాలవాళ్ళు వస్తారు, ఈగలూ, సేవ చేసేవాళ్ళూ. సేవ చేసేవాళ్ళు మంచివాళ్ళే. బడికి రంగు వేస్తారు. నిరుడు ఇంకెవరో వేసిన రంగు మీదే వేస్తారు. మేం మర్యాదకి వద్దంటాం, రెండో 'వద్దు' అనేలోపే వాళ్ళు డబ్బా మూత తీసేస్తారు. ఆ గోడలు ఒక్కో పూత మందం పెరుగుతూ వస్తున్నాయి. పైకప్పు మాత్రం ఎప్పట్లాగే కారుతోంది.

కళ్ళ డాక్టరు నందితా సేన్ అలా కాదు. కలకత్తాలో తన ప్రాక్టీసుకి సెలవు పెట్టి, నలుగురిని వెంటేసుకుని, పెట్టెలు గుర్రాల మీదకెక్కించి, కనుమ దాటి నడిచొచ్చింది. మా ఊళ్ళో కళ్ళు చూసి, ఆపరేషను కావలసినవాళ్ళకి కింది ఊరి బడిలో చేస్తానంది. మా భాష ఆవిడకి రాదు. ఆవిడ హిందీకీ మావాళ్ళ మాటకీ మధ్య నేనే వంతెన.

కళ్ళు చూడటం మొదలెట్టిన రోజు పొద్దున్నే నాకు అక్షింతలు పడ్డాయి. ఒక ముసలామె "పర్వాలేదు, కనబడుతోంది" అంటే, నేను "అబద్ధం, గుమ్మం కూడా కనబడదు" అని చెప్పాను.

డాక్టరమ్మ కలం ఆపింది. "ఆమె అన్నదా ఆ మాట?"

"లేదు. నేనన్నాను."

"ఆమె ఏమంటే అది చెప్పు చాలు. నీ సొంతం కలపకు. రేపు ఏదైనా జరిగితే ఎవరి మాట నమ్మాలి నేను?"

ఆవిడ అన్నది న్యాయమే. నాకు మాత్రం పౌరుషం వచ్చింది. సరే, ముక్కకి ముక్క చెబుతానని పళ్ళు బిగించి కూర్చున్నాను.

మధ్యాహ్నం ఛోస్ఫెల్ మేమే వంతు వచ్చింది. డాక్టరమ్మ లైటు వేసి చూసింది. రెండు కళ్ళలోనూ పొరలు. కుడికన్ను మరీ ముదిరింది.

"ఈయన ఏం పని చేస్తాడు?"

"దర్జీ."

ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఆపరేషన్ చేస్తే చూపొస్తుందని చెప్పు. చేయించుకుంటాడా అడుగు."

అడిగాను. మేమే తల అడ్డంగా ఊపాడు. "నాకెందుకమ్మా. ముసలాణ్ణి. ఇంతమంది చిన్నవాళ్ళున్నారు, వాళ్ళకి చెయ్యమను."

చెప్పాను. ఆవిడ మళ్ళీ అడగమంది. వెనక నలభై మంది వరుసలో ఉన్నా రెండోసారి అడిగింది. ఏ డాక్టరు అడుగుతాడు?

"వద్దు వద్దు. అంత దూరం నుంచి వచ్చి అలిసిపోయి ఉంటుంది. నా మూలంగా ఆవిడకి శ్రమ ఎందుకు?"

అదీ చెప్పాను, ముక్కకి ముక్క. డాక్టరమ్మ నిట్టూర్చి కాగితం మీద ఏదో రాసి, తరవాతివాళ్ళని పిలిచింది. ఇంకో రెండుసార్లు అడగాలని నాకు తెలుసు. ఆవిడకి తెలియదు. నేను చెప్పలేదు. పొద్దుటి మాట ఇంకా గుచ్చుకుంటోంది నాకు. అంతకన్నా సిగ్గు ఇంకొకటుంది. మావాళ్ళ 'వద్దు'కి 'వద్దు' అని అర్థం కాదని పైవాళ్ళ ముందు ఎలా చెప్పను?

మర్నాడు తెల్లవారుతూనే వాళ్ళు కింది ఊరికి వెళ్ళిపోయారు, ఏడుగురిని తీసుకుని. నేను మేమే ఇంటికి వెళ్ళాను. ఆయన తలంటుకుని, ఉతికిన గోంచా తొడుక్కుని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పక్కన చిన్న మూట.

"నిన్న సాయంత్రం నుంచీ ఇంతే" అంది అబీ. "డాక్టరమ్మ మళ్ళీ అడగడానికి ఇంటికొస్తుందట. వచ్చినప్పుడు బయల్దేరడానికి ఆలస్యం కాకూడదట."

"వెళ్ళిపోయారు మేమే" అన్నాను.

"వెళ్ళిపోయారా" అన్నాడాయన. "పాపం, పనెక్కువ ఉండి ఉంటుంది" అని మూట విప్పడం మొదలుపెట్టాడు. ముడి ఎక్కడుందో వేళ్ళతో తడుముకుంటున్నాడు. నేను సాయం చెయ్యబోయి మానేశాను. నా చేతులు నాకే నచ్చలేదు ఆ పూట.

మరుసటి జూలైకి మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది డాక్టరమ్మ. తీరా ఆ ఏడాది కొండచరియలు విరిగిపడి వంతెన పోయింది. ఎవరూ రాలేదు. ఆ రకంగా రెండు శీతాకాలాలు గడిచాయి.

ఆ రెండు శీతాకాలాలూ మేమే పని మానలేదు. అబీ పొద్దున్నే ఇరవై సూదుల్లో దారం ఎక్కించి ఆయన టోపీకి గుచ్చి పంపేది. వాటితో సాయంత్రం దాకా కుట్టేవాడు, వేలితో అంచు తడుముకుంటూ. మొదటి ఏడాది నా గోంచా కుట్టాడు. ఎడమ చెయ్యి కుడి చెయ్యి కంటే నాలుగు వేళ్ళు పొడుగు. మెడపట్టీ భుజం వైపు తిరిగిపోయింది. తొడుక్కుని వంటింట్లో నిలబడ్డాను. మా అత్తగారు నన్ను కిందికీ మీదికీ చూసి, ఆయనకి వినబడేలా "ఎంత బాగా కుదిరిందో" అంది. "బాగా కుదిరింది మేమే" అన్నాను నేనూ. ఆయన ముఖం విప్పారింది.

అందరి ఇళ్ళలోనూ అదే తంతు. నది అవతలి తుండుప్‌కి పెట్టిన బొత్తాములు కాజాలకి ఒక మెట్టు కిందికి వచ్చాయి. వాడు నడుముకి పట్కా రెండు చుట్లు ఎక్కువ చుట్టి నెట్టుకొచ్చాడు. ఊరంతా ఒక పక్కకి ఒరిగినట్టు తిరిగాం. ఇంట్లో విప్పి కుట్టుకోవచ్చు. కానీ ఆయన వేలు పెడితే తెలిసిపోతుంది తన కుట్టు కాదని. ఎవరూ విప్పలేదు. అందరూ కలిసి మాట్లాడుకున్నది కూడా కాదు.

రెండో వసంతంలో ఇక నావల్ల కాలేదు. సిగ్నలు దొరికే గట్టు ఎక్కి డాక్టరమ్మకి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. కప్పు మీద చెయ్యి సంగతీ, మూట సంగతీ, నేను నోరు మూసుకున్న సంగతీ. ఆవిడ తిడుతుందనుకున్నాను.

"నాలుగుసార్లు అడగాలా?" అంది.

"నాలుగు."

"వస్తున్నాను."

ఆ జూలైలో వచ్చింది. వచ్చిన పూటే, పెట్టెలు కూడా దింపకుండా, మేమే ఇంటికి నడిచింది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని అడిగింది. వద్దన్నాడు. మళ్ళీ అడిగింది. వద్దన్నాడు. మూడోసారి అడిగింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "నాకెందుకు డాక్టరమ్మా" అన్నాడు. ఆ మూడూ ముక్కకి ముక్క చెప్పాను. ఆవిడ వీపు వెనక వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకోవడం నాకు కనబడుతోంది.

"నేను మీ కోసమే వచ్చాను మేమే" అంది నాలుగోసారి.

"ఇంతగా అడుగుతుంటే కాదంటే ఏం బాగుంటుంది" అన్నాడాయన. మూట అప్పటికే తలుపు వెనక సిద్ధంగా ఉంది.

కింది ఊరి బడిలో కుడికన్నుకి ఆపరేషను చేశారు. మర్నాడు కట్టు విప్పుతారని తెలిసి ఊళ్ళో సగం మంది టీ కెటిళ్ళతో కిందికి దిగారు. మంచి రోజని అందరూ గోంచాలు తొడుక్కుని వచ్చారు. తెలివితక్కువతనం చూడండి, ఒక్కరికీ తట్టలేదు.

కట్టు విప్పారు. మేమే ముందు డాక్టరమ్మని చూశాడు. "ఇంత చిన్నపిల్లవా నువ్వు" అన్నాడు. తరవాత అబీని చూశాడు. "నువ్వు మాత్రం బాగా ముసలిదానివైపోయావే."

"కట్టు మళ్ళీ కట్టెయ్యి డాక్టరమ్మా" అంది అబీ. అందరం నవ్వాం.

ఆయన నవ్వలేదు. మా వైపే చూస్తున్నాడు. మా ముఖాలు కాదు చూస్తున్నది. నెమ్మదిగా లేచి వచ్చి నా మెడపట్టీ పట్టుకున్నాడు. దాన్ని మధ్యకి లాగాడు. వదలగానే భుజం మీదికి పోయింది. తుండుప్ దగ్గరికి వెళ్ళి బొత్తాముల వరస మీద వేలితో కిందికి రాశాడు. పక్కనున్నామె చేతులు రెండూ కలిపి కొలిచాడు.

"ఇవన్నీ నేను కుట్టినవేనా?"

తుండుప్ పట్కా సర్దుకున్నాడు.

"రెండేళ్ళూ ఇవే తొడుక్కు తిరిగారా? ఒక్కళ్ళూ చెప్పరేం?"

"ఇందులో చెప్పడానికి ఏముంది" అన్నాడు తుండుప్. "కొలత సరిగ్గానే ఉంది మేమే. నా ఒళ్ళే వంకర."

కంట్లో నీళ్ళు పడనివ్వద్దని డాక్టరమ్మ పొద్దున్నే చెప్పింది. బయటి నీళ్ళ గురించి చెప్పింది. ఆయన తుండుప్ భుజం పట్టుకుని నిలబడిపోయాడు. మేమంతా కెటిళ్ళ మూతలు సర్దుకుంటూ నేల చూపులు చూశాం. నాకు మాత్రం ఏడుపాగలేదు, గట్టిగానే ఏడ్చాను.

ఆ నవంబరులో కనుమ మూసుకోగానే ఆయన కళ్ళజోడు పెట్టుకుని బయల్దేరాడు. కొత్తవి కుట్టడానికి కాదు. ప్రతి గడపలోకీ వెళ్ళి, ఆ రెండేళ్ళ గోంచాలు విప్పి మళ్ళీ కుడతానన్నాడు. అందరూ వద్దన్నారు.

"ఒకటి" అనేవాడు. మళ్ళీ వద్దంటే "రెండు". ఇంకోసారి అంటే "మూడు. మర్యాదలు అయిపోయాయి, ఇక విప్పు" అని చెయ్యి చాపేవాడు. నాలుగోసారి కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

మా ఇంటికి ఫిబ్రవరిలో వచ్చాడు. టీ పోశాను. మూడుసార్లు వద్దన్నాడు, పోశాను, తాగాడు. కత్తెర తీసి నా గోంచా ఇమ్మన్నాడు.

వద్దన్నాను. ఆయన వేళ్ళు మడిచాడు. మూడు అయ్యాయి. నాలుగోసారి చెయ్యి చాపాడు.

"వద్దు మేమే."

చాపిన చెయ్యి అలాగే ఉంది. "ఇది నాలుగోది కదూ?"

"అవును. ఐదోసారి అడిగినా ఇదే మాట. ఆ రోజు డాక్టరమ్మతో ఇంకోసారి అడగమని నేను చెప్పలేదు. నాకు తెలిసే చెప్పలేదు. ఇది ఇలాగే ఉండనీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. నన్ను చూశాడు, ఈసారి ముఖాన్నే. "చెయ్యి అడ్డం పెట్టింది నేను కదమ్మా" అన్నాడు. కత్తెర మూటలో పెట్టేసుకున్నాడు. ఆయన ఒక 'వద్దు'ని నిజం 'వద్దు'గా తీసుకోవడం నేను చూసింది అప్పుడే.

డాక్టరమ్మ ఇప్పటికీ జూలైలో వస్తుంది. వరుస పక్కన నేను ఆ గోంచాతోనే నిలబడతాను. దాని ఎడమ చెయ్యి నా వేళ్ళ మీదికి జారుతూ ఉంటుంది. ఎవరైనా వద్దనగానే ఆ మాట ముక్కకి ముక్క చెబుతాను. చెప్పి, జారిన చెయ్యి పైకి మడుచుకుని, "ఇంకోసారి అడగండి" అంటాను.