అన్నయ్య మందులు, మా పట్టాలు

మా అన్నయ్యది తెనాలి పక్కన అంగలకుదురులో వ్యవసాయం. నన్నిచ్చింది రేపల్లె అవతల, సముద్రపు గాలి తగిలే ఊరికి. ఎప్పుడు కలిసినా ఇద్దరికీ ఒకటే వాదన: పంట కాపాడుకోవడానికి ఎవరెంత పోశారు, చివరికి ఎవరికెంత పోయింది. ఆయన ఖర్చంతా వరి మొదళ్ళలో చేరి రసం పీల్చే దోమకి కొట్టే మందులకు. మా ఖర్చు మురుగుకాలవ పూడిక తీయించడానికి, వడ్లమీద కప్పే పట్టాలకు.

"మీరేంటే, పైరుకి మందు కొట్టమంటే గొడుగులు కొంటారు!" అని ఏడిపించేవాడు. నాకు ఒళ్ళు మండేది.

అయినా ఆ ఏడు చుట్టుపక్కల దోమ పడిందని వినగానే భయమేసి, ఆయన చెప్పిన మందే రెండుసార్లు ఎక్కువ కొట్టించాను. చేతిలో డబ్బు దానికే సరిపోయింది. పూడికా పట్టాలూ వచ్చే ఏడు చూసుకోవచ్చనుకున్నాను. చేను చూడముచ్చటగా పండింది. మా ఏడాది తిండిగింజలూ, మళ్ళీ చల్లుకోవలసిన విత్తనమూ అందులోనే ఉన్నాయి.

సరిగ్గా కోతల వేళకు తుఫాను కబురు వచ్చింది. నిజాంపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. బాపట్ల దగ్గర తీరం దాటుతుందని టీవీలో ఒకటే గోల. అన్నయ్య ఫోన్ చేశాడు.

"మాది నిన్ననే కోసేశామే. గింజ ఇంటికి చేరిపోయింది. నువ్వూ కోసేయ్, ఆలోచించకు."

వాళ్ళది గట్టి నేల. పొద్దున మిషన్ దిగితే సాయంత్రానికి ధాన్యం ఇంట్లో ఉంటుంది. మా బురదలో మిషన్ దిగబడిపోతుంది. కొడవళ్ళతో కోసి, పనలు పరిచి, నాలుగు రోజులు ఎండనిచ్చి కుప్ప వేయాలి.

"పడిపోయినా పైరుకి వేరుంటది. కోసిన పనకి ఏముంటదమ్మాయ్? గాలొచ్చే ముందు కొడవలి ముట్టుకోకు," అని మా అత్తగారు గుమ్మంలో అడ్డం నిలబడి చెప్పింది. ముసలావిడ చాదస్తం అనుకున్నాను. కూలీలను పిలిచి ఒక్కరోజులో కోయించేశాను.

కోత అయ్యేసరికి ఆకాశం మూసుకుపోయింది. మా ఆయన రేపల్లె బజారంతా తిరిగినా ఒక్క పట్టా దొరకలేదు. వాన రెండు రోజులు విడవకుండా కురిసింది. పూడిక తీయని కాలవ నీళ్ళు లాగకపోగా, పొంగి మా చేలోకే ఎగదన్నింది. పక్కవాళ్ళ కోయని చేను వాలిపోయింది గానీ కంకులు నీటిపైనే ఉన్నాయి. మా పనలు మాత్రం నీళ్ళలో తేలుతున్నాయి. గట్టుమీద నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడో రోజు పొద్దున్నే అన్నయ్య తెనాలి నుంచి రైల్లో వచ్చాడు. అప్పటికి వాన తెరిపిచ్చింది. గట్టుమీద మా అత్తగారు బకెట్లో ఉప్పు కలుపుతోంది. ఉప్పునీళ్ళు చల్లితే తడిసిన గింజ మొలకెత్తకుండా ఆగుతుంది. అన్నయ్య మందు కొట్టే ట్యాంకులో ఆ నీళ్ళు పోయించుకుని, వీపుకి తగిలించుకుని చేలోకి దిగాడు. నాలుగడుగులు వేసి, అలవాటు కొద్దీ వంగి, ఒక పన తీసి మొదళ్ళు విడదీసి చూశాడు.

"దోమ లేదే," అన్నాడు.

అప్పుడు కంకులు చూశాడు. గింజగింజకీ తెల్లటి మొలక. ఆయన్ని అడగాలని మూడు రోజులుగా మాటలు కూడబెట్టుకున్నాను. అవన్నీ వదిలేసి బకెట్లో ఇంకో విడత ఉప్పు కలిపాను.

"అబ్బాయ్, ఆ మెరక కాడ నుంచి కొట్టు," అంది మా అత్తగారు. "అటేపు ఇంకా మొలవలేదు."