చినతాతయ్య చెప్పిన చుట్టరికం మాటలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చిన మనిషి ఒక్కరే ఉండేవారు. మా తాతయ్యకు స్వయానా తమ్ముడు, మా చినతాతయ్య. రాజాంలో మాది ధాన్యం వ్యాపారం చేసే ఇల్లు. త్రాసు పట్టాల్సిన చేత్తో బెత్తం పట్టాడని ఇంటిల్లిపాదికీ ఆయనంటే చిన్నచూపు. విజయనగరంలో మాస్టారి ఉద్యోగం అయిపోయాక, భార్యా పిల్లలూ లేని మనిషి కావడంతో, మా పెరటివైపు గదిలోకి వచ్చి చేరారు. ఇంటి పెత్తనమంతా మా పెదనాన్నది. ఆయన పెట్టిన అన్నం చినతాతయ్య తింటున్నారన్న సంగతి మా పెద్దమ్మ ఎవరినీ మరిచిపోనిచ్చేది కాదు.

ఆ అన్నం తినేవాళ్ళలో అమ్మా నేనూ కూడా ఉన్నాం. మా నాన్న రంగంలో బియ్యం మిల్లు గుమాస్తా. రంగూన్‌ను మావైపు రంగం అనేవారు. అక్కడినుంచి నాన్న డబ్బు పంపినంత కాలం మేము అయినవాళ్ళం. యుద్ధం వచ్చి ఆ పంపడం ఆగిపోయాక వంటింట్లో అమ్మకు పని పెరిగింది. అమ్మ మాత్రం ఏమీ అనుకునేది కాదు, నాన్న వస్తే అన్నీ సర్దుకుంటాయనేది.

ఆడపిల్లకు ఇంగ్లీషేటి అని పెద్దమ్మ సణుగుతున్నా చినతాతయ్య నాకు చదువు చెప్పేవారు. స్పెల్లింగులు నేర్పడం కన్నా, మాట ఎక్కడ పుట్టిందో చెప్పడం ఆయనకు ఇష్టం. అంకుల్ అన్న మాట లాటిన్‌లో ఒక్క మేనమామకే చెల్లేదట. ఆంట్ అంటే మేనత్తేనట. కజిన్ అంటే మొదట్లో అమ్మ అక్కచెల్లెళ్ళ పిల్లలట. మరి దొరలకు పెదనాన్నలూ బాబాయిలూ ఉండరా అని అడిగాను. "ఉండీవోరే. ఆ లాటిన్‌లో ఆళ్ళకీ వేరే పేరుండీది. పోగొట్టుకున్నారు" అని నవ్వారు. చుట్టాలను కిన్ అంటారనీ, ఆ మాటా మన జననం అన్న మాటా దూరపు అక్కచెల్లెళ్ళనీ చెప్పినప్పుడు, దొరసానులకూ మాకూ ఏదో వరస కలిసినట్టు రోజంతా గంతులేశాను.

జపానువాళ్ళు బర్మా మీద పడ్డ ఏడాది వేసవిలో మా పెదనాన్న కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు ఆమెకు మేనబావే. ఆ రోజుల్లోనే రంగం నుంచి అడవులూ కొండలూ నడిచి వచ్చినవాళ్ళు, ఎముకల గూళ్ళలా, ఒక్కొక్కరే ఊళ్ళకు చేరుతున్నారు. బండి చప్పుడైతే చాలు, అమ్మ చేతిలో పని వదిలి వీధిలోకి తొంగిచూసేది.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. దూరదేశంలో దాయాది పోతే, కబురు చెవిన పడిన దగ్గర్నుంచే మైల. చెవిన పడితే ఆ ఇంట పెళ్ళి ఆగిపోవాలి. వినని చావుకు మైల లేదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు గనక, పెద్దలు మనిషి మీద జాలిపడి పెట్టిన వెసులుబాటు అది. దాన్ని చెవులకు గొళ్ళెంలా వాడుకోవచ్చని మా పెదనాన్న కనిపెట్టాడు.

పెళ్ళికి ముందురోజు పసుపు కొమ్ముల కోసం నన్ను పెదనాన్న కూర్చునే మా కొట్టుకు పంపారు. నేనక్కడుండగానే చింపిరి గడ్డంతో, కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని ఒకాయన వచ్చాడు. రంగంలో మా నాన్నతో పనిచేసినవాడట. పెదనాన్న ఆయన ముఖంలోకి ఒక్కసారి చూసి గభాలున లేచి, ఆయన నోటి మీద చెయ్యి పెట్టేశాడు. "ఇక్కడేటీ సెప్పకు బాబూ. మా సిన్నాన్న పెరటి గదిలో ఉన్నాడు. ఏటి సెప్పాలన్నా ఆయనకి సెప్పు" అని, దారి చూపించమని పాలేరును పంపాడు. నాన్న వస్తున్నాడన్న కబురేమో, పెళ్ళిలో అమ్మను ఆశ్చర్యపరుస్తారేమో అనుకున్నాను. అమ్మతో అంటే ఆ సరదా పాడైపోతుందని నోరు కుట్టేసుకున్నాను. చిన్నపిల్లను, అంతకన్నా ఏం తోస్తుంది?

ఆ సాయంత్రం చినతాతయ్య కట్టుపంచెతోనే నూతి దగ్గర తల మీంచి నీళ్ళు గుమ్మరించుకున్నారు. గదిలో వట్టి నేల మీద కూర్చున్నారు. ముసలాయనకు జ్వరం, దగ్గరికెళ్ళకండి అని పెద్దమ్మ అందరికీ చెప్పింది. పెళ్ళయ్యేదాకా నోరిప్పవద్దని పెదనాన్న ఆయన కాళ్ళు పట్టుకున్నాడని తరువాత తెలిసింది. కాళ్ళు పట్టుకున్నవాడి అన్నం తింటున్న మనిషి కాదనలేకపోయారు.

పెళ్ళి ఘనంగా జరిగింది. పెళ్ళికూతురికి నలుగు పెట్టింది మా అమ్మ. మంగళహారతి పట్టింది మా అమ్మ. గొంతు బాగుంటుందని అడిగి మరీ పాడించారు. నెత్తినిండా పూలు పెట్టుకుని, నాన్న రంగం నుంచి తెచ్చిన పట్టుచీర కట్టుకుని, వీధివైపు చూస్తూ చూస్తూ పాడింది.

నేను బూరెలు పట్టుకుని చినతాతయ్య గదికి వెళ్ళాను. ముట్టుకోవద్దని చెయ్యి అడ్డం పెట్టారు. "అక్కడే కూసో తల్లీ. ఇయాళ కైండ్ అన్న మాట సెప్తాను" అన్నారు. కైండ్ కూడా కిన్ ఇంట్లోనే పుట్టిందట. మొదట్లో పుట్టుకతో వచ్చినది అనే దానికి అర్థమట. ఒక పుట్టుక పుట్టినవాళ్ళు ఒకరినొకరు చూసుకునే తీరు గనక, పోను పోను దయ అన్న అర్థం వచ్చిందట. "అయితే సుట్టాలందరికీ దయుంటాదా తాతా?" అన్నాను. పందిట్లోంచి అమ్మ పాట వినిపిస్తోంది. "మాట పుట్టినప్పుడు ఉండీదేమోనమ్మా" అన్నారు.

ఆ తరువాత నా ముఖంలోకి చూస్తూ, అచ్చు మీ నాన్న పోలికే అన్నారు. పోలికను ఇంగ్లీషులో ఏమంటారంటే లైక్ అన్నారు. ఆ మాట శరీరం అన్న పాత మాటలోంచి వచ్చిందట. ఒకే రూపు ఉన్నవాళ్ళను ఒళ్ళొకటే అన్నట్టుగా చెప్పుకునేవారట. శరీరం అన్న దగ్గర ఆయన ఆగిపోయారు. పంచె కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగిపోయారు. జ్వరం ఎక్కువైందనుకుని బూరెలు గుమ్మంలో పెట్టి వచ్చేశాను.

పెళ్ళివారి బళ్ళు కదిలిన మర్నాడు పెదనాన్న చినతాతయ్య నోట చెప్పించి, తీరిగ్గా తలకు నీళ్ళు పోసుకున్నాడు. చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే. మణిపూర్ దారిలో ఎక్కడో అడవిలో నాన్న జ్వరంతో పడిపోయాడు. మోయగలిగిన ఓపిక ఎవరికీ లేకపోయింది.

అమ్మ ఏడుపు పూర్తిగా మొదలవకముందే పెద్దమ్మ ఏడుపు మొదలైంది. తమ్ముడిలాంటి మరిది పోయినందుకు కాదు. మొగుడు పోయిన చేత్తో తన కూతురికి నలుగు పెట్టిందే, హారతి పట్టిందే అని. "నువ్వు నా పిల్ల బతుకు మీద మన్నోసినావే" అంది. దాచినవాళ్ళే, తాము దాచినదానికి మా అమ్మను తిట్టారు. వియ్యాలవారింట శాంతి చేయించారు. అమ్మను మళ్ళీ ఏ శుభకార్యానికీ పిలవలేదు. దయలేని ఆ ఇంటిని నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించాలనీ లేదు.

అమ్మ మాత్రం పెదనాన్నను ఒక్క మాటా అడగలేదు. అంతవరకు తలుపు చాటునుంచి తప్ప మామగారి వరసవాళ్ళతో మాట్లాడి ఎరగని మనిషి, తిన్నగా పెరటి గదికి వెళ్ళి చినతాతయ్య ఎదురుగా నిలబడింది. "ఇన్నది మీరొక్కలే గదా మావా. నాకెందుకు సెప్పలేదు? నా సేత పాటలు పాడించినారు గదా" అంది. ఆయన చేతులు జోడించారు. నాన్న కోసం ఆ ఇంట్లో ముందుగా ఏడ్చినది ఆయనొక్కరే. అమ్మ ఆ తరువాత ఎన్నడూ ఆయనతో మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు కూడా, మైల పట్టింది గానీ కన్నీరు పెట్టలేదు. అది న్యాయమో కాదో నాకిప్పటికీ తేలలేదు.

నాకు మాత్రం ఒక మొండితనం మిగిలింది. మా అబ్బాయి పెళ్ళినాడు, ముహూర్తానికి కాస్త ముందు, వియ్యపురాలి తండ్రి పోయాడని కబురు వచ్చింది. మగవాళ్ళంతా గుమిగూడి, తాళి పడ్డాక చెబుదామని గుసగుసలాడుకుంటున్నారు. నేను తిన్నగా వెళ్ళి ఆమెకు చెప్పేశాను. పెళ్ళి ఆగిపోయింది. నాది మనిషి నోరు కాదన్నారు, నా కొడుకే నా మీద మండిపడ్డాడు. ఆమె మాత్రం తలలో పూలు తీసి పారేసి, దొరికిన బండెక్కి, శవం లేవకముందే వెళ్ళి తండ్రి కాళ్ళ మీద పడి ఏడ్చింది.