లచ్చీరాం, తండ్రి సోమ్లా

2011లో నేను జనగామ డివిజన్‌లోని ఒక మండలానికి తహసీల్దారును. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. బంద్ పిలుపు వచ్చిందంటే చాలు, గొడవ చేస్తారనుకున్న వాళ్ల జాబితా పోలీస్ స్టేషన్ నుంచి మా ఆఫీసుకు వచ్చేది. తహసీల్దారు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కూడా కాబట్టి, నోటీసులిచ్చి, శాంతిగా ఉంటామని వాళ్లతో పూచీకత్తు రాయించుకోవడం నా పని. దీన్నే బైండోవర్ అంటారు. పేరు, తండ్రి పేరు, వయసు, పాత కేసు చూసుకున్నాకే సంతకం చేయాలి. నేను చూడలేదు. కట్ట ముందు పెడితే గుడ్డెద్దు చేలో పడ్డట్టు సంతకాలు చేసుకుంటూ పోయాను.

ఒక బుధవారం పదకొండు గంటలకు ఎస్సై ఒక తండా యువకుణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టాడు. సోమవారం నుంచి స్టేషన్‌లోనే ఉంచారట. అటెండరు నోటీసు చదివాడు: "బానోతు లచ్చీరాం, తండ్రి సోమ్లా, వయసు ఇరవై ఆరు."

గుమ్మం దగ్గరున్న ముసలమ్మ గబగబా లోపలికి వచ్చింది.

"సోమ్లా మా మామ, సారూ. ఆయన కొడుకు లచ్చీరాం నా మొగడు. సచ్చి పదేండ్లాయె. గీ పోరడు నా మనుమడు, వీని నాయిన బీక్యా."

నోటీసు లాక్కుని చూశాను. పాత కేసు అన్నచోట 1969 అని ఉంది. చనిపోయిన మనిషికి నేను నోటీసిచ్చాను!

అప్పటి ఉద్యమంలో జైలుకు పోయి వచ్చిన ఆ లచ్చీరాం అంటే తండాకు గౌరవం. ముగ్గురు కొడుకులూ తమ పెద్ద పిల్లాడికి ఆయన పేరే పెట్టుకున్నారు. స్టేషన్‌లో రికార్డులు రాసే రైటరేమో పాత రిజిస్టర్లోంచి ఆయన వివరాలను అప్పటి వయసుతో సహా ఎత్తి రాశాడు. పోలీసులు తండాకు పోతే ముగ్గురు లచ్చీరాంలు కనిపించారు. వాళ్లలో ఇరవై ఆరేళ్లవాణ్ణి ఏరి తెచ్చారు.

"పేరు గదే, తండా గదే, వయసు గదే సార్. ఇంకేం జూస్తం?" అన్నాడు ఎస్సై.

"ఆయనే కావాల్నంటే బొందలగడ్డకు పోయి తెచ్చుకోండ్రి" అంది అవ్వ.

విచారణ అక్కడికక్కడే మూసేసి, కారణం రాసి సంతకం చేశాను. ఇక నువ్వు పోవచ్చు అంటే ఆ యువకుడు కదల్లేదు. జేబులోంచి నలిగిన హాల్‌టికెట్ తీసి బల్ల మీద పెట్టాడు. కానిస్టేబుల్ ఉద్యోగానిది.

"గియ్యాల పొద్దున ఆరింటికే వరంగల్ల పరుగు పరీక్షుండె సారూ. ఇప్పుడు యాడికి పోవాలె?"

గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఎస్సై తల దించుకున్నాడు. తప్పు నాదేనని ఒప్పుకుంటూ నియామక బోర్డుకు ఉత్తరం రాశాను. మళ్లీ పరీక్ష పెట్టే నిబంధన లేదని జవాబొచ్చింది.

కాగితం మీది పేరు మనిషి కాదు. తండ్రి పేరు, పాత కేసు చదవకుండా రిటైరయ్యేదాకా మళ్లీ ఏ నోటీసు మీదా సంతకం పెట్టలేదు.

ఆ యువకుడు లచ్చీరాం ఇప్పుడు జనగామలో ఆటో నడుపుతున్నాడు. కొడుకు పుట్టాడని మొన్న మిఠాయి ఇచ్చాడు. పిల్లాడికి ఏం పేరు పెట్టారని నేను అడగలేదు.