పుట్టింటి చిక్కుడు

డిసెంబరు ఆరో తేదీ, ఉదయం ఆరున్నర. పెరటి పందిరి మీద ఈ ఏటి మొదటి చిక్కుడుకాయ తుంచాను. వేళ్ళకు అంటిన పచ్చివాసనతో మా అత్తగారు సుందరమ్మ గుర్తుకొచ్చారు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఊదా అంచున్న ఈ చిక్కుడు ఆవిడ పుట్టింటిది. పొదిలి నుంచి పెదకాకానికి కాపురానికి వస్తూ గింజల్ని కొంగున ముడివేసి తెచ్చుకున్నారట. ఏటా ముదురుకాయలు ఎండబెట్టి, గింజలు బూడిదలో కలిపి దాచేవారు. కూతురు లక్ష్మి పెళ్ళయి మంగళగిరి వెళ్ళేటప్పుడు సారెతోపాటు గుప్పెడు గింజలూ ఇచ్చారు.

ఆ గింజ మా ఇంట లేకుండా పోయిన రోజు నా డైరీలో ఉంది: ఆగస్టు తొమ్మిది, సాయంత్రం నాలుగు గంటలు. ఆ ఏడు వాన ముందుగా పడిందని అత్తయ్య ఉన్న గింజంతా నాటేశారు. తీగలకు పేనుబంక పడితే వేపగింజల కషాయం కాచారు. ఆ సాయంత్రం మా మరిది శ్రీను పత్తిచేను గట్ల మీద గడ్డిమందు కొట్టి వచ్చి, స్ప్రేయరు ట్యాంకును ఒక్కసారి నీళ్ళతో కడిగి, అందులోనే కషాయం పోసి పెరడంతా తడిపాడు. ట్యాంకులో మిగిలిన మందుకి నాలుగు రోజుల్లో చిక్కుడు, బీర, దొండ, చివరకు గోడవారనున్న పాత మల్లెపొద కూడా మెలికలు తిరిగి మాడిపోయాయి.

శ్రీను పందిరి కింద కూలబడ్డాడు. అన్నానికి లేవలేదు. అత్తయ్య తీగలన్నీ ఒక్కొక్కటే తడిమి చూసి అతని దగ్గరికి వచ్చారు.

"ఏరా, చచ్చినదాన్ని చూస్తా కూర్చుంటే బతుకుద్దా? లే. పార పట్టుకురా."

చీకటి పడేలోపు తల్లీకొడుకులు మాడిన తీగలన్నీ పెకలించి, పైమట్టి ఎత్తిపోశారు.

మర్నాడు డెబ్బై దాటిన ఆవిడ నన్ను వెంటబెట్టుకుని పొదిలి బస్సెక్కారు. పుట్టింటి పెరట్లో ఇప్పుడు సిమెంటు గచ్చు ఉంది. చిక్కుడు సంతలో దొరుకుతుందిగా అన్నారు వాళ్ళ వదినగారు. వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి అత్తయ్య లేచారు. తిరుగు బస్సులో, ప్యాకెట్టు విత్తనాలు కొందామా అని అడిగాను.

"ఆ గింజకి మా అమ్మ చెయ్యి తగిలిందా, అమ్మాయ్?" అన్నారు.

ఇక మిగిలింది మంగళగిరి. లక్ష్మిది మేడమీద అద్దె వాటా. ఆ గింజలు ఎప్పుడో కూరొండుకుని తినేసి ఉంటుందని అత్తయ్య ఏళ్ళ తరబడి దెప్పేవారు. విషయం చెప్పగానే లక్ష్మి మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్ళింది. పాత రంగు బకెట్లలోంచి మూడు తీగలు బట్టలారేసే తీగ దాకా పాకి ఉన్నాయి.

"ఏటా వేస్తన్నానమ్మా. బకెట్లో సేద్యమా అని ఎగతాళి చేస్తావని చెప్పలా."

అత్తయ్య కాడ పట్టుకుని చూశారు. "నీళ్ళు ఎక్కువ పోస్తన్నావ్," అన్నారు. తర్వాత పిట్టగోడ మీద కూర్చుని చాలాసేపు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

ఆ ఏడు లక్ష్మి ఒక్క కాయా వండలేదు. ఫిబ్రవరిలో గింజలు తెచ్చిస్తే అత్తయ్య వాటిని మూడు పాళ్ళు చేశారు: మాకు, లక్ష్మికి, శ్రీను అత్తవారికి. ఒక్క ఇంట ఉంచితే ఒక్క పొరపాటుకే పోతుందన్నారు. అంతా ఒకేసారి నాటొద్దని కూడా చెప్పారు. అప్పటినుంచి ఏటా సగం గింజ బూడిదలోనే ఉంచుతున్నాను.

పోయినవి: బీర, దొండ, ఒక ఏటి చిక్కుడు, మళ్ళీ చిగురించని మల్లెపొద. మిగిలినవి: మూడు ఇళ్ళలో గింజ, గడ్డిమందుకే వేరుగా పెట్టి ఎర్రరంగు పూసిన ట్యాంకు, ఏటా తొలకరికి ఎవరూ పిలవకముందే పార పట్టుకుని పెరట్లోకి వచ్చే మా మరిది.