గిన్నె చేతులు మారిన ఆదివారం

నా చిన్నప్పుడు, పుంగనూరులో, వానలు మొదలైన నెల తొలి ఆదివారం. ఆ రోజు మా చర్చిలో ఉన్నవాళ్లు: మా అవ్వ, అంటే నాన్నకు అమ్మ, ఎదురింటి అక్క, వీధి చివరి పెద్దమ్మ, పాస్టరు, ఆయన్ను మేమంతా అయ్యగారు అనేవాళ్లం, మిగతా సంఘం, నేను. అప్పటికింకా డైరీ రాయడం నాకు తెలియదు. తరువాత జీవితమంతా రాశాను గనుక, రాయకుండా పోయిన ఆ రోజును కూడా అదే పద్ధతిలో పెడుతున్నాను. ఆ రోజు ఇంకొకరు కూడా అక్కడ ఉన్నారని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. కానీ ఆమె అప్పటికే చనిపోయింది. ఆమె మా చిన్నత్త, అవ్వకు కడగొట్టు కూతురు.

చిన్నత్త క్షయతో పోయింది. ఆమె ముఖం నాకు సరిగా గుర్తు లేదు. మూసిన తలుపు వెనక నుంచి వచ్చే దగ్గు మాత్రం గుర్తుంది. ఆమె పోయాక కూడా అవ్వ పని చేస్తూ చేస్తూ చటుక్కున ఆగి, ఆ గది వైపు చెవి పెట్టేది. ఏమవ్వా అంటే ఏమీ లేదనేది.

ఎదురింటి అక్కకూ అదే జబ్బు. మదనపల్లె దగ్గర ఆసుపత్రిలో చాలాకాలం ఉండి నయమై వచ్చింది. ఇక ఎవరికీ అంటదని డాక్టర్లు గట్టిగా చెప్పి పంపారు. అయినా కుప్పం నుంచి ఆమె అత్తగారివాళ్లు తీసుకుపోవడానికి రాలేదు. అందుకే మా ఎదురుగా, తల్లిదండ్రులు పోయాక తాళం పడివున్న పుట్టింట్లో ఒంటరిగా దిగింది. వీధిలో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే మిగతా బిందెలు కాస్త పక్కకు జరిగేవి, అంతే. శనివారం సాయంత్రం ఆమె మా తిన్నె కింద నిలబడి, మీరూ నన్ను కలుపుకోకపోతే తిరిగి ఆసుపత్రికే పోయి ఊడ్చే పని అడుక్కుంటానని, మళ్లీ బయటికి రానని అవ్వతో చెప్పింది. అవ్వ వినింది. పైకి రా అని కూడా అనలేదు. నాకు అది వింతగా తోచింది.

మా చర్చిలో నెలకొకసారి ప్రభువు బల్ల, అంటే యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. అందరికీ ఒకటే గిన్నె. ఆడవాళ్లలో పెద్దది గనుక మా అవ్వ ముందు పోయి మోకరించేది, ఆమె వెనక వయసు ప్రకారం మిగతావాళ్లు. ఆ ఆదివారం చర్చి వాకిట్లో చెప్పులు విడుస్తూ, వీధి చివరి పెద్దమ్మ అవ్వ చెవిలో మాట వేసింది.

"ఆ పిల్ల అందరి ఎనక కడాకు తాగితే పోలా వదినా? ఆయమ్మికీ తక్కువ కాదు, మనకూ నెమ్మది. డాక్టర్లకేం, చెప్పి ఇంటికి పోతారు. దగ్గు వాళ్లనడిగి వస్తాదా?"

అవ్వ నవ్వి ఊరుకుంది. నేను ఆమె ఒప్పుకున్నదనే అనుకున్నాను.

బల్లకు పిలుపు వచ్చింది. అవ్వ లేవబోయి, మళ్లీ కూలబడి, మోకాళ్లు పట్టుకుంది. ముందు రోజు రెండు బిందెలతో గట్టు ఎక్కిన మనిషి. వెనక బెంచీ వైపు తిరిగి ఎదురింటి అక్కను పిలిచింది.

"మోకాళ్లు పట్టుకపోయినాయి. సెయ్యి ఇయ్యమ్మా, పోదాం."

అక్క వచ్చి పట్టుకోక తప్పలేదు. ఇద్దరూ నెమ్మదిగా బల్ల దాకా నడిచారు. అక్కడికి పోయాక అవ్వ ఆమె చెయ్యి వదల్లేదు. గిన్నె వచ్చే వైపున ఆమెను మోకరింపజేసి, తాను పక్కన చేరింది. అయ్యగారి చేతులు ఒక్క క్షణం ఆగాయి. తరువాత గిన్నె అక్కకు అందించారు. అక్క తాగింది. ఆయన అంచును గుడ్డతో తుడిచి అవ్వకిచ్చారు. అవ్వ రెండు చేతులతో పట్టుకుని, తల పైకెత్తి, అందరికీ గొంతు కదలడం కనిపించేటట్టు ఒక గుక్క మింగింది. తరువాతి చోటు పెద్దమ్మది. ఆమె గిన్నెనూ మా అవ్వనూ మార్చి మార్చి చూసి, చివరికి అందుకుంది. కొందరు బెంచీల మీద నుంచి లేవనే లేదు.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చాం. చిన్నత్త దగ్గు ఇప్పుడు అవ్వ గొంతులోకి దిగిందని నా భయం. ఆమె యాడికి పోతే ఆడికి పోయాను. సాయంత్రం వాకిట్లో విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నీకు భయం కాలేదా అని అడిగాను. చేతులు ఆపకుండానే చెప్పింది.

"బయం లేక తాగలేదు పాపా. మీ చిన్నత్త మంచం మింద ఉన్నబ్బుడు అయ్యగారు ఇంటికే గిన్నె తెచ్చినారు. ఆయమ్మి తాగినాక నా సేతికొచ్చె. నేను పెదాలకు తాకించి ఇచ్చేస్తి. మింగలేదు. అది ఆయమ్మి సూసింది."

ఒలిచిన గింజలను చేటలోకి ఎత్తి, మళ్లీ మొదలుపెట్టింది.

"ఏమీ అనలా. మొగం గోడపక్కకు తిప్పుకునె. మళ్లా నేను ఆ గదిలోకి పోయేదాకా ఆ గోడనే సూస్తా ఉంటాదని తెలుసు నాకు. అందుకే లోపలికి పోలేకపోతా ఉంటి."

పొద్దున గిన్నెను పెదాలకు తాకించి వదిలినవాళ్లెవరో తాను చూశానని, వాళ్లను ఏమీ అనుకోవద్దని, వాళ్ల భయం తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని చెప్పింది. దేవుడు కాపాడతాడు కదా అని నేనన్నాను, బడిలో నేర్చుకున్నది. కాపాడతాడో పిలుచుకుంటాడో ఆయన ఇష్టమని, దాహమన్నవాళ్లకు నీళ్లు ఇచ్చే పని మాత్రం మనదని అంది.

ఆ తరువాత నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. కొన్ని రాసుకున్నాను కూడా. నమ్మకం ఉంటే భయం పోతుందని చాలామంది చెప్పారు. నాకు మాత్రం ఆ రెండూ ఒకే మనిషిలో ఒకే పూట కనిపించాయి. జబ్బుపడిన ఇంటి గడప ముందు నా కాలు ఇప్పటికీ ఆగుతుంది. ఆగినప్పుడల్లా, గోడ వైపు తిరిగిన, నాకు సరిగా తెలియని చిన్నత్త ముఖం గుర్తొస్తుంది. అప్పుడు లోపలికి పోతాను.

మరునాడు పొద్దున నన్ను నిద్ర లేపింది దగ్గు. వంటింట్లో అవ్వ. పొయ్యిలో తడి కట్టెలున్నాయి, పొగ నిండింది, అయినా ఆమె ఎదమీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి వింటోంది. ఆ చూపు నాకు తెలుసు. మూసిన గది వైపు చెవి పెట్టే చూపు అది, ఇప్పుడు తన లోపలికే తిరిగింది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, పొయ్యి అట్లాగే వదిలి, వీధి దాటి ఎదురింటి తిన్నె ఎక్కి కూర్చుంది.

"అమ్మీ, మాయింట్లో పొయ్యి రాజుకోలేదు. నీ లోటాలోనే రవ్వంత కాఫీ పోసియ్యి."

కుళాయి దగ్గర ఆడవాళ్లంతా చూస్తున్నారు. అక్క బయటికి తెచ్చిన లోటాను అవ్వ అందుకుంది. మరుసటి వేసవికే కాదు, ఆ తరువాత చాలా వేసవులకు కూడా మా అవ్వ బతికే ఉంది. కానీ ఆ పొద్దున ఆ సంగతి ఆమెకు తెలియదు.